హోమ్‌లో చేరాక నాన్నగారు నడవడం మానేశారు, ఇది వయసు వల్లేనా?

మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం, ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. నాన్నగారికి 79. అమ్మగారు పోయాక హైదరాబాద్ శివార్లలో డబ్బు కట్టే హోమ్‌లో చేర్చారు, మీరు డాలస్‌లో ఉంటారు. చేరినప్పుడు చేతికర్రతో సొంతంగా నడిచేవారు. ఏడు నెలలు తిరిగేసరికి ఆయా పట్టుకుంటే తప్ప కుర్చీలోంచి లేవడం లేదు, డైనింగ్ హాలుకి వీల్‌చెయిర్‌లో తీసుకెళ్తున్నారు. బీపీ, షుగరు ఉన్నాయి, మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నారు. మేనేజరేమో "వయసు కదా మేడమ్, ఇప్పుడు ఎక్సర్‌సైజులంటే రిస్కు" అంటున్నాడు. చేయించొచ్చా, చేయిస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు.

చేయించొచ్చమ్మా. చేయించాలి కూడా. నేను ఫిజియోథెరపిస్టుని, చాలా ఏళ్ళుగా నా పని ఎక్కువగా వృద్ధాశ్రమాల్లోనే. మీరు చెప్పిన కథ నాకు దాదాపు ప్రతి హోమ్‌లోనూ కనిపిస్తుంది. ఏడు నెలల్లో మనిషికి పెరిగే వయసు ఏడు నెలలే. చేతికర్ర నుంచి వీల్‌చెయిర్‌లోకి దిగిపోవడానికి అది చాలదు. వాడక తగ్గి పోయిన బలం ఇది, సరిగ్గా పని చెబితే ఇందులో చాలావరకు వెనక్కి వస్తుంది.

అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఈ తగ్గుదల నెలల తరబడి మెల్లగా జరిగిందా, లేక రెండు మూడు వారాల్లో ఉన్నట్టుండి వచ్చిందా? రెండోదైతే ఫిజియో కంటే ముందు డాక్టరు చూడాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, ఎప్పుడో తలకి దెబ్బ తగిలి లోపల కొద్దికొద్దిగా రక్తం చేరడం, చిన్న పక్షవాతం, ఇవన్నీ పెద్దవాళ్ళలో "ఈమధ్య నడవట్లేదండీ" అన్న ఒక్క మాటగానే బయటికి రావచ్చు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడుతూ ఉంటే రక్తంలో విటమిన్ బి12 ఎలాగూ చూపించండి, ఆ మాత్ర వల్ల అది తగ్గొచ్చు. అడుగులు చిన్నవైపోయి, చెయ్యి వణుకుతూ ఉంటే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. అమ్మగారు పోయి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి దిగులు సంగతి కూడా డాక్టరుతో చెప్పండి. మనసు కుంగిన మనిషి మంచం దిగడు, బయటికి మాత్రం "మోకాళ్ళ నొప్పి" అంటాడు.

ఇవేవీ కావనుకుంటే అసలు విషయానికి వద్దాం. హోమ్‌లో బలం ఎలా పోతుందో చూడాలంటే భోజనాల వేళ వరండాలో నిలబడితే చాలు. పన్నెండుంబావుకి గంట కొడతారు. ఒక మామ్మగారు లేవబోతున్నారు. కుర్చీ అంచుకి జరిగారు, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేశారు, ముందుకి వంగారు, లేవలేక మళ్ళీ కూర్చున్నారు. ఇంకో పది సెకన్లు ఆగితే రెండోసారికి లేచేవారే. ఈలోపు ఆయా వచ్చి "లే మామ్మా, అన్నం చల్లారిపోతుంది" అంటూ చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపి వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టేసింది. ఆ అమ్మాయిని అనడానికేం లేదు. ఆ వరుసలో ఇంకా ఎంతమందినో హాలుకి చేర్చాలి, ఆలస్యమైతే వార్డెన్ ఆమెనే కేకలేస్తుంది. కానీ మామ్మగారి తొడలు చేయాల్సిన పని ఆయా నడుము చేసేసింది. బాత్రూముకి, స్నానానికి, టీకి, సాయంత్రం భజనకి, రోజంతా ఇదే తంతు. అలా ఆర్నెల్లు గడిస్తే ఆవిడ నిజంగానే లేవలేరు. అప్పుడు అందరూ వయసు మీద పడిందంటారు.

ఖరీదైన హోముల్లో ఇది ఇంకాస్త ఎక్కువ. మంచం దగ్గరికే టిఫిను, మంచం దగ్గరికే కాఫీ, పక్కనే కమోడ్ కుర్చీ. వీడియోకాల్‌లో చూసిన పిల్లలకి ఎంత బాగా చూసుకుంటున్నారో అనిపిస్తుంది. నన్నడిగితే, నెలనెలా కట్టే డబ్బు పెరిగేకొద్దీ పెద్దాయన వేయాల్సిన అడుగులు తగ్గిపోతుంటాయి.

మంచం ఎంత తొందరగా దెబ్బతీస్తుందో చెప్తాను. 2007లో ఒక అమెరికన్ పరిశోధన వచ్చింది. ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ళ వాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఒక్కొక్కరికీ కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. వాళ్ళు ఆరోగ్యవంతులు, తిండికి లోటు లేనివాళ్ళు. నాన్నగారికి ఈ మధ్యలో ఒక వారం జ్వరమో, ఆసుపత్రిలో నాలుగు రోజుల పడకో వచ్చిందేమో అడిగి చూడండి. ఎక్కువమందికి పతనం అక్కడే మొదలవుతుంది. తగ్గి తిరిగొచ్చాక "పాపం నీరసంగా ఉన్నారు" అని వీల్‌చెయిర్ ఇస్తారు, ఇక దాన్ని వెనక్కి తీసుకునేవాళ్ళుండరు.

ఇప్పుడు ఫలితం సంగతి. బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో మరియా ఫియాటరోనె అనే డాక్టరు బృందం 1990లో 90 ఏళ్ళ ప్రాంతంలో ఉన్న పదిమందితో కాళ్ళకి బరువులు ఎత్తించింది. చేత్తో ఊపే చిన్న బరువులు కావు, వాళ్ళు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో ఎక్కువ భాగం. 8 వారాల్లో తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. 1994లో అదే బృందం సగటున 87 ఏళ్ళున్న వందమందితో ఇంకా పెద్దగా చేసింది. 10 వారాల్లో వ్యాయామం చేసినవాళ్ళ బలం 113 శాతం, మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగాయి. వ్యాయామం లేకుండా బలానికి తాగే పానీయం మాత్రమే ఇచ్చినవాళ్ళకి ఆ లాభమేమీ కనిపించలేదు. మన దగ్గర పెద్దవాళ్ళకి నీరసం అనగానే పౌడరు డబ్బా కొనిచ్చి ఊరుకుంటాం కాబట్టి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఈ అంకెల్లోనే ఇంకో పాఠం ఉంది. బలం రెట్టింపు దాటినా నడక వేగం పెరిగింది 12 శాతమే. అంటే కండకి బలం వస్తే నడక దానంతటదే బాగుపడిపోదు, నడకని నడకగా, లేవడాన్ని లేవడంగా సాధన చేయించాలి. ఆపేస్తే పోవడమూ తొందరే. 1990 నాటి పరిశోధనలో మానేసిన 4 వారాలకే దాదాపు మూడో వంతు బలం పోయింది. కాబట్టి "పది సిట్టింగుల ప్యాకేజీ" అని ఎవరైనా అంటే ఆ పది అయ్యాక ఏం చేస్తారని అడగండి.

పడిపోతారన్న భయానికి కూడా జవాబుంది. 2018లో ఆస్ట్రేలియాలోని 16 హోముల్లో 221 మందిని తీసుకుని, కొందరికి వారానికి రెండు గంటల చొప్పున 25 వారాలు బరువులతో వ్యాయామం, నిలకడ సాధన (తూలకుండా నిలబడటం) చేయించారు, మిగతావాళ్ళని మామూలుగా ఉంచారు. చేసినవాళ్ళలో పడిపోవడం సగానికి పైగా తగ్గింది. మేనేజరు భయపడేదానికి సరిగ్గా వ్యతిరేకం.

మీరు రాసిన ఉదయపు చెయిర్ యోగా అరగంట గురించి. మానిపించకండి. నలుగురితో కూర్చుంటారు, భుజాలు కదులుతాయి, ఊపిరి బాగుంటుంది. కానీ కూర్చుని చేతులు పైకెత్తితే కాళ్ళకి బలం రాదు. అలాగే హోమ్‌కి వచ్చే ఫిజియో ఏం చేస్తున్నాడో కనుక్కోండి. మోకాలికి కరెంటు పెట్టి, పదిహేను నిమిషాలు మెషిన్ ఆన్ చేసి, ఫోన్ చూసుకుని వెళ్ళిపోతుంటే నొప్పి కాసేపు తగ్గుతుందేమో గానీ కుర్చీలోంచి లేవడం రాదు. నా వృత్తివాళ్ళ మీద నేనే చెప్తున్నానని అనుకోకండి, కరెంటుకి డబ్బివ్వడం మానేసి కాళ్ళు కదిలించినందుకు ఇవ్వండి.

మొదలుపెట్టే ముందు కొలవండి. మీరున్న దేశంలో నర్సింగ్ హోముల మీద 1987 నుంచి చట్టం ఉంది. చేరినప్పుడు, ఆ తర్వాత కనీసం మూడు నెలలకోసారి ప్రతి మనిషి సొంత పనులు ఎంతవరకు చేసుకోగలరో రాసిపెట్టాలి, జబ్బు వల్ల తప్పనిసరైతే తప్ప ఆ శక్తి తగ్గకుండా చూడాలి. మన హోముల్లో బీపీ, షుగరు రాసే పుస్తకం ఉంటుంది గానీ, లేచి నిలబడగలరా లేదా అని రాసే పుస్తకం నేను చూసింది చాలా తక్కువ. దాన్ని మీరే పెట్టించండి. ఒక్క పేజీ చాలు.

వీడియోకాల్‌లో మీరు చూడగలిగినవి మూడు. ఫోన్ ఎవరైనా పక్కనుంచి పట్టుకోవాలి, పాదాలు కనపడాలి, మనిషికి చేరువలో ఇంకొకరు నిలబడాలి. మొదటిది, గోడకి ఆనించిన కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరు. చేతులు గుండెల మీద కట్టుకుని చేయాలి. 75 నుంచి 79 మధ్య మగవాళ్ళకి 11 కంటే తక్కువైతే పడే ప్రమాదం ఎక్కువని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. నాన్నగారికి ఇప్పుడు సున్నా రావచ్చు, కంగారు పడకండి. చేతులు ఊనుకుని ఎన్ని లేచారో అది రాసుకోండి, మన మొదటి మెట్టు అదే. రెండోది, మామూలు నడకలో 4 మీటర్లు ఎన్ని సెకన్లు. నాలుగు లోపైతే బాగున్నట్టు, అయిదు దాటితే నెమ్మది. మూడోది, కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడం. 12 సెకన్లు, ఆపైన పడితే జాగ్రత్త పడాలి. కర్ర, వాకర్ వాడొచ్చు, ఏది వాడారో రాయాలి. వీటితోపాటు తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, బాత్రూముకి వెళ్ళడం, మంచంలోంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద అదుపు, ఈ ఆరూ సొంతంగానా, సాయంతోనా అని రాయించండి. ఎప్పుడో 1963లో కాట్జ్ అనే డాక్టరు పెట్టిన జాబితా ఇది, ఇప్పటికీ ఇంతకంటే సులువైనది లేదు. నెలకోసారి మళ్ళీ అదే.

ఇక వ్యాయామం. నాన్నగారికి అన్నిటికంటే ముఖ్యమైంది కుర్చీలోంచి లేవడమే. అది వస్తే బాత్రూము, మంచం, భోజనం బల్ల అన్నీ వాటంతటవే దారికొస్తాయి. దాని పద్ధతి ఆయాకి కూడా నేర్పాలి. కుర్చీకి చేతులుండాలి, వెనక గోడ ఉండాలి, లేకపోతే ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది. ముందు కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ళ కంటే కాస్త వెనక్కి లాక్కోవాలి. మనవాళ్ళు లేవలేకపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుంది, కాళ్ళు ముందుకి చాపి లేవబోతారు. తర్వాత ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంతవరకు ముందుకి వంగి, అప్పుడు పైకి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా, మూడు లెక్కపెడుతూ. ఆయా చంకల కింద పట్టుకోకూడదు, పక్కన నిలబడి నడుము దగ్గర చెయ్యి ఆనించి ఉంటే చాలు.

అసలు లేవలేకపోతే కుర్చీలో రెండు దుప్పట్లు మడతపెట్టి ఎత్తు పెంచండి. ఆ ఎత్తులోంచి ఎనిమిదిసార్లు, కాసేపు ఆగి మళ్ళీ ఎనిమిది, ఇలా మూడు విడతలు. చివరి రెండూ కష్టంగా ఉండాలి, ఇంకొక్కటో రెండో తప్ప చేయలేననిపించాలి. సులువుగా అయిపోతున్నాయంటే అది వ్యాయామం కాదు, కాలక్షేపం. అప్పుడు ఒక దుప్పటి తీసేయండి. తర్వాత రెండోది, ఆ తర్వాత చేతుల సాయం. పెద్దవాళ్ళకి తేలికగానే చేయించాలనే మొహమాటమే మన ఫిజియోల్లో సగంమంది పనిని పాడుచేస్తోంది. ఊపిరి బిగపట్టకుండా అంకెలు పైకి లెక్కపెట్టమనండి. లెక్క వినపడుతుంటే ఊపిరి ఆడుతున్నట్టే.

దీనికి తోడు కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తడం, ఒక్కో కాలు పక్కకి ఎత్తడం, కూర్చుని చీలమండకి వెయిట్ కఫ్ (బరువున్న పట్టీ) కట్టి మోకాలు చాపడం. కఫ్ అర కిలోతో మొదలుపెట్టొచ్చు. కాళ్ళు దగ్గరగా పెట్టి పది సెకన్లు నిలబడటం, అది వస్తే ఒక పాదం కాస్త ముందుకి. వారానికి మూడు రోజులు, ఒక్కో రోజు అరగంట నుంచి నలభై నిమిషాలు, మధ్యలో ఒక రోజు విడుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్ళకి చెప్పింది కూడా బలం, నిలకడ కలిపి వారానికి మూడు రోజులు, ఆపైన. నడక మాత్రం రోజూ.

గుజ్జు అరిగిందన్న భయంతో మోకాళ్ళని దాచిపెట్టకండి. అరిగిన మోకాలికి తొడ కండే ఆసరా, అది పోతే నొప్పి పెరుగుతుంది. చేసేటప్పుడు ఓర్చుకోగలిగే నొప్పి ఉండి మర్నాటికి మామూలైపోతే ఫర్వాలేదు. మర్నాడు వాపు వస్తే విడతలు తగ్గించాలి.

బీపీ సంగతికి వస్తే, పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు ఒకసారి చూపించండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ముందు డాక్టరుతో మందులు సరిచేయించాలి. మీ ఉత్తరంలో నిద్రమాత్ర గురించి లేదు, కానీ హోముల్లో రాత్రి ప్రశాంతంగా ఉండటానికి చాలామందికి ఇస్తుంటారు, మర్నాటి తూలుడు దానివల్లే కావచ్చు. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంటే పరగడుపున వ్యాయామం వద్దు, షుగరు మరీ పడిపోవచ్చు, టిఫిను తిన్న గంటకి పెట్టండి. ఛాతీలో నొప్పి, మాట్లాడలేనంత ఆయాసం, కళ్ళు తిరగడం, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది వచ్చినా అక్కడితో ఆపి డాక్టరుకి చూపించాలి. హవాయి చెప్పులు తీయించి వెనక పట్టీ ఉన్నవి కొనండి. పంచె కట్టే అలవాటుంటే నడిచేటప్పుడు పైజమా.

తిండి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి, 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. హోమ్ భోజనం ఎలా ఉంటుందో తెలుసు కదా. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పుచారు, రెండు గరిటెల కూర, మజ్జిగ, రాత్రి ఉప్మా. సగం దాటితే గొప్ప. గుడ్డు తినేవారైతే రోజుకి రెండు గుడ్లు అదనంగా పెట్టించండి, ఒక్కోదాంట్లో 6 గ్రాములు. తినకపోతే గ్లాసు పాలు, గడ్డపెరుగు, పెసరట్టు, పనీర్, గట్టి పప్పు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. ఇంకోటి, పళ్ళ సెట్టు సరిగ్గా పడుతోందా చూడండి. సెట్టు వదులై డ్రాయర్‌లో పడి ఉంటే ఆయన చారన్నం తప్ప ఏమీ తినరు, ఎవరికీ చెప్పరు.

చివరగా మేనేజరు. ఆయన భయం నాన్నగారు పడతారని కాదు, పడితే మీరు గొడవ చేస్తారని. పెద్దాయన వీల్‌చెయిర్‌లో కూర్చుని బలహీనపడితే ఏ పిల్లలూ నిలదీయరు, నడుస్తూ పడితే మాత్రం వాట్సాప్‌లో ఫొటోలు తిరుగుతాయి. అందుకే వీల్‌చెయిర్ వాళ్ళకి సుఖం. ఆ లెక్క మార్చగలిగింది మీరే. ఒక మెయిల్ రాయండి: "మా నాన్నగారిని పక్కన మనిషి ఉండగా నడిపించమని నేనే అడుగుతున్నాను, తగిన జాగ్రత్తలు తీసుకున్నాక కూడా పడితే మిమ్మల్ని తప్పుపట్టను" అని. తర్వాత మూడే మూడు అడగండి. లేచేటప్పుడు ఆయనకి అర నిమిషం టైమివ్వాలి. రోజుకి ఒక్క పూట భోజనానికైనా నడిచి వెళ్ళాలి, వీల్‌చెయిర్ ఖాళీగా వెనకే రావచ్చు, అలసిపోతే కూర్చుంటారు. వారానికి మూడు రోజులు ఫిజియో, దానికి డబ్బు మీరు విడిగా ఇస్తారు. ఆయాకి కూడా ఒక మాట చెప్పండి, తాతయ్య సొంతంగా లేస్తే ఆమె నడుమే మిగులుతుందని. ఆ అమ్మాయి పేరు పెట్టి పిలిచి మాట్లాడితే పని ఇంకా బాగా జరుగుతుంది.

మూడు నెలలు చూడండి. నా అనుభవంలో మొదటి మూడు వారాలు ఏమీ మారినట్టు అనిపించదు, ఆయన కూడా "ఎందుకమ్మా ఇదంతా" అంటారు. అప్పుడు వ్యాయామం అనకుండా పని చెప్పించండి, గేటు దాకా వెళ్ళి పేపరు తేవడం, కుండీలకి నీళ్ళు పోయడం లాంటివి. మొదటి వీడియో తీశాక ఆ మూడు అంకెలు, మందుల చీటీలో ఉన్న పేర్లు ఇక్కడ రాయండి. దుప్పట్లు ఎన్నితో మొదలుపెట్టాలో అప్పుడు చెప్తాను.